డబ్బుల్లేవా? ఆషాఢంలో షూటింగ్ పెట్టుకోండి

మాది విజయవాడ. పోయినేడాది ఒక షార్ట్ ఫిల్మ్ తీశాం, పద్దెనిమిది నిమిషాలు, మొత్తం ఖర్చు 38 వేలు. చూసినవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఏ కెమెరా?" అని, రెండోది "పెళ్లి సీనుకి అంతమంది జనాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చారు?" అని. జనం లేరండీ. మా సినిమాలో పెళ్లి కనపడదు, వినపడుతుంది అంతే. చూసినవాళ్ళకి పెళ్లి చూసినట్టే గుర్తుండిపోయింది. అది ఎలా జరిగిందో, దాంతోపాటు మేము ఎక్కడెక్కడ బోల్తా పడ్డామో రాస్తున్నాను, మీలో ఎవరైనా ఇలాంటి పని పెట్టుకుంటే పనికొస్తుందని.

మొదట రాసుకున్న కథ ఇది. అన్నదమ్ములిద్దరు పొలం గట్టు దగ్గర మాటామాటా అనుకుని మూడేళ్లుగా మాట్లాడుకోవడం లేదు. తమ్ముడి కూతురి పెళ్లి. అన్నకి పిలుపు లేదు. అయినా వస్తాడు, అందరి ముందూ మండపం దగ్గరికి నడుచుకుంటూ వెళ్లి నిలబడతాడు. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. లెక్క వేస్తే మండపం డెకరేషన్ ఒక్కటే మా దగ్గరున్న డబ్బుకి రెండింతలు చెప్పారు. ఇక రెండు వందల మంది జనం, వాళ్ళకి భోజనాలు, పట్టుచీరలు, మేళం, పంతులుగారు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దవాళ్ళు సినిమాలో పెళ్లి తీసి చూడు అనలేదు, అప్పటికి సినిమాలు లేవు కాబట్టి.

రాత్రి పదింటికి లెనిన్ సెంటర్ దగ్గర టీ తాగుతూ తలలు పట్టుకుని కూర్చున్నాం. మాలో ఒకడు, వాడికి సినిమాలంటే పెద్ద ఇష్టం కూడా లేదు, బండి ఉంది కదా అని తెచ్చుకున్నాం, వాడు అన్నాడు: "పిలుపు లేనివాడు ముందు గుమ్మంలోంచి ఎందుకొస్తాడ్రా? వెనకనుంచి కదా వస్తాడు."

అంతే, సినిమా తిరిగిపోయింది. ఫంక్షన్ హాలు వెనక, వంట చేసే చోట. పెద్దాయన అటునుంచి వస్తాడు, ముందుకి వెళ్లే ధైర్యం చాలక అక్కడే ఒక తిరగేసిన ప్లాస్టిక్ ట్రే మీద కూర్చుంటాడు. వంట మాస్టారికి ఈయన ఎవరో తెలియదు. ఖాళీగా కూర్చున్నాడు కదా అని చిక్కుడుకాయల గంప ముందుకి తోస్తాడు. గోడకి అవతల పెళ్లి జరుగుతూ ఉంటుంది, మైకులో చదివింపులు చదువుతుంటారు. ఉన్నట్టుండి "పెళ్లికూతురి పెదనాన్నగారు, పదివేల నూటపదహార్లు" అని వినపడుతుంది. ఈయన చెయ్యి ఆగిపోతుంది. చదివించింది ఎవరో వేలు విడిచిన పెదనాన్న. ఈయన జేబులో ఉన్న కవర్లో 1,116 ఉన్నాయని మనకి ముందే తెలుసు. మళ్ళీ ఈనెలు తీయడం మొదలుపెడతాడు. ఈ సీనుకి మాకు అయిన ఖర్చు రెండు కిలోల చిక్కుడుకాయలు, అవి కూడా సాయంత్రం కూర వండేశాం.

ఇందులో మీరు పట్టుకోవాల్సింది చిక్కుడుకాయలు కాదు. డబ్బులు లేవు కాబట్టి పెళ్లిని చిన్నగా తీద్దాం, ఇరవై మందితో సరిపెడదాం అనుకుని ఉంటే అది చవక పెళ్లిలా కనపడేది, ప్రేక్షకుడు ఇట్టే పట్టేస్తాడు. మేము పెళ్లిని చిన్నది చేయలేదు, చూసే మనిషిని వేరే చోట కూర్చోబెట్టాం. ఖరీదైన సీను వచ్చినప్పుడల్లా "దీన్ని తక్కువలో ఎలా తీయాలి" అని అడక్కండి, "ఇది జరుగుతున్నప్పుడు దీన్ని సరిగ్గా చూడలేని మనిషి ఎవరు, ఎక్కడున్నాడు" అని అడగండి. యాక్సిడెంట్ తీయలేకపోతే ఆ రోజు ఫోన్ ఎత్తని తమ్ముణ్ణి తీయండి. ఎలక్షన్ ర్యాలీ తీయలేకపోతే ర్యాలీ వల్ల ఆటోలో ఇరుక్కుపోయిన మనిషిని తీయండి, బయట డప్పుల మోత, లోపల చెమట. ప్రతిసారీ కుదరదు. కానీ కుదిరినప్పుడు ఖర్చు తగ్గడమే కాదు, కథ ఎవరిదో తేలిపోతుంది.

ముందు జాబితా, ఆ తర్వాతే కథ

కథ రాసుకుని దానికి కావాల్సినవి వెతుక్కోవడం నిర్మాత ఉన్నవాళ్ళ పద్ధతి. మనం తిరగేసి మొదలెట్టాలి. ఒక తెల్లకాగితం తీసుకుని, ఒక్క ఫోన్ కాల్‌తో మీకు ఊరికే దొరికేవన్నీ రాయండి. "దొరకొచ్చు" అనేవి రాయొద్దు. నా జాబితాలో ఉన్నవి: సత్యనారాయణపురంలో మా పెద్దమ్మ వాళ్ళ పాత పెంకుటిల్లు, ఒక ట్రక్కు ఆటో, పరిషత్తు నాటకాలు, అంటే పోటీ నాటకాలు, ఆడే ఒక బాబాయ్, తెలిసినవాళ్ళ ఫంక్షన్ హాలు, మొగల్రాజపురం కొండ మీద స్నేహితుడి ఇల్లు.

ఆ చివరిది చూడండి. కొండల మీదికి మెట్లు మెట్లుగా ఎక్కిన ఇళ్ళు బెజవాడలో ఎన్ని ఉన్నాయో మనకి తెలుసు, రోజూ చూస్తాం కాబట్టి పట్టించుకోం. ఆ ఇంటి వాకిట్లో ట్రైపాడ్ పెడితే కింద ఊరంతా కనపడుతుంది. అదే మన క్రేన్ షాట్. డ్రోన్ ఎగరేస్తామని ఎవరో ఒకరు ఉత్సాహపడతారు, ఎక్కడ ఎగరేయొచ్చు, ఎక్కడ కూడదు అని జోన్లు ఉంటాయి, అనుమతుల గొడవ ఉంటుంది, పైగా ప్రతి పెళ్లి వీడియోలోనూ ఉండే షాటే అది. కొండ మెట్లు ఎక్కండి.

జాబితాలో ప్రతి చోటు పక్కనా రెండు సంగతులు రాసుకోండి. ఒకటి, ఏ టైంలో అక్కడ ఏం చప్పుడు. పెంకుటింటి పక్కన పొద్దున ఎనిమిదింటికి స్కూలు ఆటోలు, పదకొండింటికి పిండిమర, సాయంత్రం గుడి మైకు. రెండోది, బాత్‌రూం ఉందా. ఇది చదివి నవ్వొద్దు, టీంలో ఆడపిల్లలు ఉన్నప్పుడు బాత్‌రూం లేని లొకేషన్ ఎంత అందమైనదైనా లొకేషనే కాదు.

స్టేషన్‌లో షూటింగ్‌కి రైల్వే వాళ్ళ అనుమతి కావాలి, ఉండవల్లి గుహలు పురావస్తు శాఖ వాళ్ళవి, అక్కడా ముందస్తు అనుమతి లేకుండా కుదరదు. మన స్థాయికి ఇవి రెండూ పక్కన పెట్టేయడం మంచిది. స్టేషన్‌లో వీడ్కోలు సీను రాసుకున్నారా? కృష్ణ ఒడ్డున ఘాట్ మెట్ల మీద మనిషిని నిలబెట్టండి, దూరంగా వంతెన మీద రైలు వెళ్తుంది. వెళ్లేవాళ్ళని ఎక్కించడానికి రాలేకపోయిన మనిషి అక్కణ్ణుంచే చూస్తాడు కదా. ఎవరిదైనా ఇల్లు, కొట్టు, పొలం వాడుకుంటే మాత్రం తెల్లకాగితం మీదైనా సరే ఒప్పుకున్నట్టు సంతకం తీసుకోండి. మొహమాటం వద్దు. పెద్ద పోటీలకి పంపేటప్పుడు అడుగుతారు, అప్పుడు పరిగెత్తాల్సి వస్తుంది.

ఆషాఢం సంగతి

ఇది మాకు పొరపాటున తెలిసింది. మే నెలలో తీద్దామని అన్ని ఏర్పాట్లూ చేసుకుంటే కెమెరా దొరకలేదు. పెళ్లిళ్ల సీజను, ప్రతి ఫొటో స్టూడియో కెమెరా ఏదో ఒక పెళ్లిలో ఉంది. సరే అని వాయిదా వేస్తే ఆషాఢం వచ్చింది, ముహూర్తాలు ఆగిపోయాయి, ఒక్కసారిగా ఊళ్ళో అన్నీ ఖాళీ. ఫొటోగ్రాఫర్లు ఖాళీ, ఫంక్షన్ హాళ్లు ఖాళీ, షామియానా షాపుల్లో డేగిసాలు, కుర్చీలు దొంతరలుగా పడి ఉన్నాయి, వంట మాస్టార్లు ఇళ్లలో ఉన్నారు. బేరం ఆడక్కర్లేదు, వాళ్ళే తగ్గించి చెప్తారు. భాద్రపదం, పుష్యమాసం, మధ్యలో మూఢాలు వచ్చినా ఇదే పరిస్థితి. పంచాంగం చూసి పెళ్లి పెట్టుకుంటారు, మీరు అదే పంచాంగం చూసి పెళ్లిళ్లు లేనప్పుడు షూటింగ్ పెట్టుకోండి.

ఆషాఢంలో ఇంకో లాభం మబ్బు. ఆకాశమంతా తెల్ల దుప్పటి కప్పినట్టు ఉంటుంది, మొహాల మీద నల్లటి నీడలు పడవు, పొద్దున తీసిన షాటుకీ మధ్యాహ్నం తీసిన షాటుకీ వెలుతురు దాదాపు కలుస్తుంది. మే నెలలో పదింటి తర్వాత మన ఊళ్ళో బయట తీసే పని పెట్టుకోవద్దు, మనుషుల సంగతి తర్వాత, ఫోనే వేడెక్కి రికార్డింగ్ ఆపేస్తుంది. వాన గురించి భయపడ్డాం. వచ్చింది కూడా, మూడు రోజుల్లో రెండుసార్లు. అందుకని ఇంటి లోపల తీసే సీను ఒకటి ఎప్పుడూ చేతిలో సిద్ధంగా ఉంచుకోండి.

పెళ్లి కెమెరామెన్ దగ్గర పరికరాలు నిజంగా బాగుంటాయి, మన హైదరాబాదు అద్దె షాపుల్లో దొరికే వాటికి పెద్దగా తీసిపోవు. విజయవాడ గాంధీనగర్ అంటే ఒకప్పుడు సినిమా డిస్ట్రిబ్యూషన్ ఆఫీసుల పేట, సినిమాలు అమ్మి కొన్న ఊరు ఇది, కానీ సినిమా తీయడానికి సామాను కావాలంటే మాత్రం హైదరాబాదు బస్సెక్కాలి. ఆ చార్జీలు మిగుల్చుకోండి. కాకపోతే పెళ్లి కెమెరామెన్ చెయ్యి ఊరుకోదు. గింబల్, అంటే కెమెరా కుదపకుండా పట్టే పిడి, దాని మీద చుట్టూ తిరుగుతాడు, స్లో మోషన్ పెడతాడు, పెద్దాయన దిగులుగా కూర్చుంటే ఆయన చెప్పుల నుంచి మొహం దాకా పైకి లేస్తాడు. మేము మొదటి రోజే గింబల్ బండి డిక్కీలో పెట్టి తాళం వేశాం. "అన్నా, ట్రైపాడ్ ఒక్కటే. మనిషి లేచి వెళ్ళిపోయినా కెమెరా కదలొద్దు" అని చెప్తే మొదట ఆయనకి అవమానంగా అనిపించింది, రెండో రోజుకి ఆయనే "ఇక్కడ కదపకపోతేనే బావుంటది" అనడం మొదలెట్టాడు.

ఒక్క టెక్నికల్ సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైట్ల కింద, చవక ఎల్‌ఈడీ బల్బుల కింద తీసేటప్పుడు షట్టర్ స్పీడు సెకనులో 1/50 వంతు గానీ 1/100 వంతు గానీ ఉంచండి, ఫ్రేమ్ రేటు సెకనుకి 25 పెట్టుకుంటే ఇంకా నిశ్చింత. లేకపోతే చారలు కదులుతూ కనపడతాయి, ఎడిటింగ్‌లో దాన్ని పోగొట్టడం తలకి మించిన పని. ఫోన్‌తో తీసేవాళ్ళు ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు), వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) రెండూ లాక్ చేయండి, ఆటోమేటిక్‌లో వదిలేస్తే మనిషి కాస్త కదలగానే గోడ రంగు మారిపోతుంది. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితం, ఇవన్నీ అందులో చేతితో పెట్టుకోవచ్చు. ఎడిటింగ్‌కి డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ చాలు, కంప్యూటర్ కాస్త గట్టిది ఉంటే.

వెలుతురు

లైట్లు అద్దెకి తేలేదు. రెండు థర్మోకోల్ షీట్లు, ఒక తెల్ల పంచె, ట్రేసింగ్ పేపరు, నల్ల దుప్పటి. ఇంతే. కిటికీలోంచి వచ్చే ఎండకి ట్రేసింగ్ పేపరు అడ్డం కడితే మెత్తబడుతుంది, మొహానికి రెండో వైపు థర్మోకోల్ పెడితే నీడ తేలికవుతుంది, నీడ ఇంకా కావాలనుకుంటే అటువైపు నల్ల దుప్పటి వేలాడదీస్తే చాలు. ఇది ఏదో పేదవాళ్ళ కిటుకు అనుకోవద్దు. 1956లో సత్యజిత్ రాయ్ తీసిన అపరాజితో సినిమాకి కాశీలోని ఇంటి వాకిలి సెట్టు కలకత్తా స్టూడియోలో వేస్తే, ఆకాశం నుంచి దిగే వెలుతురు రావడానికి కెమెరామన్ సుబ్రతా మిత్రా సెట్టు పైన తెల్లగుడ్డ కట్టి, లైట్లని దాని మీదికి కొట్టి కిందికి పడేలా చేశాడు. మనం పంచె కట్టాం, అంతే తేడా.

రాత్రి సీనుకి దీపం కనపడాలి. చీకట్లో వెలుతురు ఎక్కణ్ణుంచి వస్తోందో చూసేవాడికి తెలిస్తే తక్కువ వెలుతురైనా నమ్ముతాడు. వంట చేసే చోట ఒక బల్బు వేలాడదీసి దాన్నే ఫ్రేములో ఉంచాం. గ్యాస్ పొయ్యి మంట ఇంకొకటి. రోడ్డు మీద అయితే ఆటో హెడ్‌లైటు.

వాన సీను మాత్రం చెడగొట్టుకున్నాం. బోరు పైపు వేలితో నొక్కి పైకి చిమ్మితే వాన పడుతున్నట్టు ఉంటుందనుకున్నాం, తీరా చూస్తే పక్కింటాయన మొక్కలకి నీళ్లు పోస్తున్నట్టు ఉంది. తర్వాత తెలిసింది, చినుకు కెమెరాకి కనపడాలంటే వెనకనుంచి వెలుతురు తగలాలి. మేము ముందునుంచి కొట్టాం. బండి హెడ్‌లైటు వెనక పెట్టి ఉంటే కాస్తో కూస్తో గట్టెక్కేది. ఆ సీను తీసేశాం, దాని బదులు ఏదో గొప్పగా తట్టిందని చెప్పను, ఏమీ తట్టలేదు, సినిమాలో అక్కడ ఒక గతుకు ఉంది, ఇప్పటికీ ఉంది. లేమి ప్రతిసారీ వరం అవదు, ఒక్కోసారి ఉత్త లేమే.

చప్పుడు మీద డబ్బు పెట్టండి

మీ దగ్గర పది రూపాయలుంటే నాలుగు సౌండు మీద పెట్టండి. బొమ్మ కాస్త మసగ్గా ఉంటే అదొక స్టైల్ అనుకుంటారు, మాట వినపడకపోతే మాత్రం స్క్రోల్ చేసి వెళ్ళిపోతారు. కాలర్ మైకులు రెండు అద్దెకి తెచ్చాం. అవి దొరకకపోతే నటుడి చొక్కా జేబులో ఇంకో ఫోన్ పెట్టి వాయిస్ రికార్డర్ ఆన్ చేయండి, షాట్ మొదట్లో గట్టిగా చప్పట్లు కొడితే తర్వాత బొమ్మకీ మాటకీ జత కుదుర్చుకోవచ్చు. ఫ్లైట్ మోడ్ పెట్టడం మర్చిపోకండి, మా వాడి జేబులో మంచి షాట్ మధ్యలో లోను ఇస్తామని ఫోనొచ్చింది.

టేక్ జరిగేటప్పుడు ఫ్యాను ఆపాలి, ఫ్రిజ్ ఆపాలి. ఫ్రిజ్ ఆపినప్పుడు బండి తాళాలు అందులో పెట్టేయండి. సాయంత్రం తాళాల కోసం తలుపు తీస్తారు, అప్పుడు ఆన్ చేయడం గుర్తొస్తుంది, లేకపోతే పెద్దమ్మ పాలన్నీ విరిగిపోతాయి. ప్రతి చోటా పని అయ్యాక అందరూ నోరు మూసుకుని ముప్పై సెకన్లు ఉత్త నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి, ఏ గది నిశ్శబ్దం దానిదే. ఎడిటింగ్‌లో డైలాగుల మధ్య అతుకులు వేయడానికి అదే బంక.

మా పెళ్లి చప్పుడు ఎక్కడిదంటే, జ్యేష్ఠంలో జరిగిన ఒక చుట్టాల పెళ్లిలో వాళ్ళని అడిగి రికార్డు చేసుకున్నది. హాల్లో కాదు, వెనక వంట దగ్గర నిలబడి. అక్కణ్ణుంచి మైకు గోడ దాటి ఎలా మొద్దుగా వినపడుతుందో అలాగే కావాలి. మేళం వాళ్ళు సినిమా పాటలు వాయించిన భాగమంతా పక్కన పెట్టాం, ఎవరు వాయించినా పాట హక్కులు వేరేవాళ్ళవి, యూట్యూబ్‌లో పెట్టగానే కాపీరైట్ క్లెయిమ్ పడే అవకాశం ఉంది. గట్టిమేళం ఒక్కటే ఉంచుకున్నాం. చదివింపులు మాత్రం మేమే బకెట్‌లో మొహం పెట్టి చదివాం. నిజం, బకెట్‌లో మొహం పెట్టి మాట్లాడితే హాలు మైకులా వస్తుంది, ఒకసారి చేసి చూడండి.

మనుషులు

2018లో వచ్చిన కేరాఫ్ కంచరపాలెం చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆ పేటలో ఉండే మామూలు మనుషులే అందులో నటించారు. మన వైపు ఇంకో అదృష్టం ఉంది, పరిషత్తు నాటకాలు. గుంటూరు, తెనాలి, విజయవాడ చుట్టుపక్కల ముప్పై నలభై ఏళ్లుగా రంగం మీద ఉన్నవాళ్ళు దొరుకుతారు, సినిమా అంటే డబ్బు అడక్కుండా వస్తారు. చిక్కు ఒకటే, వాళ్ళ గొంతు చివరి వరుస కోసం తయారైంది. కెమెరా అడుగు దూరంలో ఉంటుంది, ఆయన మాత్రం తుమ్మలపల్లి కళాక్షేత్రం చివరి కుర్చీకి వినపడేలా చెప్తారు. "కాస్త తగ్గించండి" అంటే గొంతు తగ్గుతుంది, మొహం తగ్గదు.

అన్న వేషం వేసిన మా బాబాయ్‌తో మొదటి మూడు టేకులూ అలాగే పోయాయి. నాలుగో టేకుకి చెప్పాను: "బాబాయ్, మీరు డైలాగు చెప్పకండి. చిక్కుడుకాయలకి ఈనెలు తీయండి చాలు."

"మరి డైలాగెవరు చెప్తార్రా?"

"వస్తే వస్తుంది, లేకపోతే లేదు. ఈ గంప మాత్రం పావుగంటలో అయిపోవాలి."

నిజంగానే పావుగంట పెట్టాం. ఆయన ధ్యాసంతా కాయల మీద ఉంది, పురుగు కాయ వస్తే పక్కన పడేస్తున్నారు, మధ్యలో వంట మాస్టారు "పెళ్లివారికి మీరేమవుతారండీ?" అని అడిగితే తల ఎత్తకుండా "ఏమీ అవను" అన్నారు. స్క్రిప్టులో ఆ చోట ఏడు లైన్ల డైలాగు ఉంది. నాటకాల వాళ్ళతో తీసేటప్పుడు చేతులకి నిజమైన పని ఇవ్వండి, నటించే పని కాదు, అయిపోవాల్సిన పని.

వంట మాస్టారు నిజం మాస్టారే. సీను చదివి వినిపిస్తే ఆయన అడిగిన మొదటి మాట, "ముహూర్తం వేళకి కూరగాయలు తరుగుతూ కూర్చుంటే జనానికి ఎప్పుడు పెడతామండీ?" తెల్లబోయాం. అప్పుడు అవి మర్నాటి భోజనాల కోసం అని మార్చాం. ఆ పని తెలిసిన మనిషిని పక్కన పెట్టుకుంటే ఇలాంటివి ఊరికే సరిదిద్దుకుంటారు.

డబ్బు ఇవ్వలేకపోయినా తిండి బాగా పెట్టండి. మా 38 వేలల్లో 11 వేలు తిండికే పోయాయి, కెమెరాకి 9 వేలు, సౌండుకి 6,500, పెట్రోలు, ఆటోలకి 4 వేలు, షామియానా సామానుకి 2,500, మిగిలిన 5 వేలు చేతిలోంచి ఎలా జారాయో రాసిపెట్టలేదు. మంచి టిఫిను పెట్టి ఎనిమిదింటికి మొదలుపెట్టి ఆరింటికి వదిలేస్తే రెండో రోజు మళ్ళీ వస్తారు. రాత్రి పన్నెండు దాకా కూర్చోబెడితే రెండో రోజు ఫోన్లు ఎత్తరు.

ఎరుపు కావాలంటే గుంటూరు

ఒక ఫ్లాష్‌బ్యాక్ ఉంది, అన్నదమ్ములు గొడవపడిన రోజు. దీన్ని మాత్రం ఫిబ్రవరి చివర్లో ముందుగానే తీసి పెట్టుకున్నాం, ఆ ఎరుపు ఆ రోజుల్లోనే దొరుకుతుంది కాబట్టి. మొదట మిర్చి యార్డు అనుకున్నాం, సీజన్లో అక్కడికి వచ్చే బస్తాలు, లారీలు, జనం చూసి మన సినిమా అక్కడ పట్టదని వచ్చేశాం. గుంటూరు దాటి పల్లెల్లోకి వెళితే కల్లాల్లో ఎకరాలకొద్దీ మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. ఏ ఆర్ట్ డైరెక్టరూ అంత ఎరుపు పరవలేడు. ఒక రైతుని అడిగితే "కాయ తొక్కకపోతే ఏదైనా తీసుకోండి" అన్నాడు. ఆడవాళ్ళు కూర్చుని తాలు కాయలు ఏరుతున్నారు, వాళ్ళని కదపలేదు, వాళ్ళ వెనకాల అన్నదమ్ములు గొడవపడేలా నిలబెట్టాం.

ఘాటు సంగతి లెక్కలో వేసుకోలేదు. గాలి తిరిగిందంటే అందరికీ ఒకటే దగ్గు. ఒక్క డైలాగు కూడా వాడుకోదగ్గట్టు రాలేదు. ఎడిటింగ్‌లో ఆ సీనులో మాటలన్నీ తీసేసి గొడవని దూరంనుంచే చూపించాం, కళ్ళమ్మట నీళ్లు మాత్రం అసలైనవి. ఏరుతున్న ఆడవాళ్ళలో ఒకావిడ తల తిప్పి వాళ్ళని చూసి మళ్ళీ పనిలో పడుతుంది. ఆ చూపు మేము చెప్పి చేయించింది కాదు.

కార్డు గురించి రెండు మాటలు

రెండో రోజు రాత్రి మాలో ఒకడు కాపీ చేయకుండానే మెమరీ కార్డు ఫార్మాట్ కొట్టాడు. నాలుగు షాట్లు పోయాయి. అవి ఏవంటే, తమ్ముడు వెనక్కి వచ్చి అన్నని చూసే షాట్లు. తమ్ముడు వేసినతను తెల్లారి బండెక్కేశాడు. మిగిలింది మైకుల్లో విడిగా రికార్డైన మాటలు, బాబాయ్ మొహం. చేసేదేం లేక తమ్ముణ్ణి గొంతుతోనే రానిచ్చాం: చెప్పుల చప్పుడు, "ఎప్పుడొచ్చావ్?" అనే మాట, ఇటు తల ఎత్తని పెద్దాయన. ఇప్పుడు చాలామంది ఇదే బాగుందంటారు. నాకు మాత్రం ఆ నాలుగు షాట్లలో తమ్ముడి మొహం గుర్తుంది, అది ఉంటే ఇంకా బాగుండేదనే అనుకుంటాను. కాపీ చేసే పని ఒక్కరికే అప్పజెప్పండి, రెండు చోట్ల కాపీ పడిందని ఆ మనిషి నోటితో చెప్పేదాకా కార్డుని ఎవ్వరూ ముట్టుకోకూడదు. నిండిన కార్డుకి ఎర్ర టేపు చుట్టండి.

షామియానా సామాను తెచ్చేటప్పుడు లెక్కపెట్టి తెచ్చుకోండి, ఫొటో కూడా తీసి పెట్టుకోండి, తిరిగిచ్చేటప్పుడు ఒక్కొక్కటి వాళ్ళ ముందే లెక్కపెట్టి ఇవ్వండి. మాకు ఒక జల్లిగరిటె తక్కువైంది, 180 రూపాయలు కట్టించుకున్నారు. అది ఎటు పోయిందో తెలియదు. మూడో సీనులో గోడకి ఆనించి కనపడుతుంది, నాలుగో సీనులో ఉండదు.